హుంకారం లేని దెబ్బ

నేను ఒక సమ్మెటను. ఆ పొద్దున ఆకాశం బూడిద కలిపిన నీళ్లలా ఉంది. వాన పడేట్టూ లేదు, ఎండ కాసేట్టూ లేదు. క్వారీలో రాళ్లన్నీ ఒకే రంగులో కనబడ్డాయి.

పాత లారీ ఇరుసు ముక్కను కొలిమిలో కాల్చి నన్ను చేశారు. మొదట యలమంద తండ్రి మోశాడు. ఆయన నడుం పడిపోయాక యలమంద చేతికొచ్చాను.

యలమంద నన్ను ఎత్తుతాడు. అతని పెళ్లాం అంకమ్మ కింద కూర్చుని ఉలి పట్టుకుంటుంది. ఆమె నన్ను చూడదు. చూస్తే చెయ్యి లాక్కుంటుంది. నన్ను దించేముందు అతను "హుఁ" అంటాడు. అది విని ఆమె ఉలి బిగించి పట్టుకుంటుంది. ఇన్నేళ్లూ ఆ చప్పుడే ఆమె చేతికి కాపలా.

పొద్దెక్కాక ఒక దెబ్బ పక్కకు జారింది. అంకమ్మ నవ్వింది.

"ఏందయ్యా, రాయిని కొడతన్నావా, గాలిని కొడతన్నావా? మామైతే ముసలోడయ్యాక కూడా గురి తప్పలా."

పక్క బండ మీదివాళ్లు పగలబడి నవ్వారు. "వదినా, సమ్మెట నువ్వే ఎత్తు. అన్నకి ఉలియ్యి," అన్నాడొకడు.

"ఇచ్చినా పట్టుకోలేడులే," అందామె.

యలమంద పలకలేదు. కోపమొస్తే నోరు మూసుకోవడమే పెద్దరికమని మగవాళ్ల నమ్మకం. నన్ను ఎత్తాడు. ఆ "హుఁ" కూడా మింగేశాడు. చప్పుడు లేకపోయేసరికి అలుపు తీర్చుకుంటున్నాడనుకుని, రాయికి పడ్డ బెజ్జంలో పిండి తీద్దామని ఆమె ఉలి మీదుగా చెయ్యి జరిపింది. అప్పటికే నేను దిగుతున్నాను. దిగే బరువుకు ఆగడం తెలియదు.

పట్నం ఆసుపత్రిలో బొటనవేలూ చూపుడువేలూ తీసేశారు. ఇక ఆ చేత్తో ఉలి పట్టేది లేదన్నారట.

వాళ్లు ఇంటికొచ్చిన రోజు క్వారీ మేస్త్రీ వచ్చి, మూలనున్న నన్ను తీసి, నా కర్రపిడి ఊపి చూశాడు.

"పిడి వదులైందిరా. అందుకే జారింది," అన్నాడు.

యలమంద తలూపాడు. గడపలో కూర్చున్న అంకమ్మ, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని వింటూనే ఉంది. మేస్త్రీ వెళ్లేదాకా ఆగింది.

"పిడి గట్టిగానే ఉందిగా," అంది.

"ఉంది," అన్నాడు యలమంద. "నేనే 'హుఁ' అనలా."

అతను లేచి కంచంలో అన్నం పెట్టి, గోంగూర కలిపి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. మొదటి ముద్ద మరీ పెద్దదైంది. ఆమె మొహం తిప్పుకుంది. దాన్ని సగం చేసి మళ్లీ అందించాడు. కాసేపు చూసి నోరు తెరిచింది. మిగిలిన సగం అతను తిన్నాడు. కంచం ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ అలాగే తిన్నారు.