బట్టల తీగ కింది నేల

సాక్ష్యం చెప్పాల్సిన రోజున కూడా ఆమెకి బట్టలు ఉతకడం తప్పలేదు. రెండు దుప్పట్లు, అత్తగారి చీరలు, ఆయన చొక్కాలు. అన్నీ పిండి, బకెట్టు నడుముకి ఆనించుకుని పెరటి తలుపు దాకా వచ్చి, అలవాటు చొప్పున నోరు తెరిచింది. ఎదురుగా కొత్త గోడ కనబడేసరికి నోరు మూసుకుంది. గోడకి ఇవతల పాత బట్టల తీగ, అవతల కుట్టుమిషను చప్పుడు.

గోడ కట్టించింది ఆమె భర్త. తీగ ఉన్న ఆ ఆరడుగుల నేల పక్కింటి కుట్టు అక్కది. అక్క ఊళ్ళో లేని వారం చూసుకుని ఆయన గోడ లేపి, ఆ నేలని తమ పెరట్లో కలిపేసుకున్నాడు. తిరిగొచ్చిన అక్క అరవలేదు, తిట్టలేదు. నేరుగా వెళ్ళి ఆక్రమణ కేసు వేసింది. దానికి వీళ్ళ లాయరు పట్టుకున్న జవాబు ఒక్కటే. ఆ నేలని పన్నెండేళ్ళకి పైగా వీళ్ళే సొంతదిలా వాడుకుంటున్నారు, కాబట్టి అది వీళ్ళదే. మరి వాడుకున్నట్టు రుజువేది అంటే, ఇల్లంతా వెతికితే దొరికినవి ఆమె ఆరేసిన బట్టలే.

అంత భయంలో లేకపోతే ఆమె పడీపడీ నవ్వేదే. పద్నాలుగేళ్ళ కాపురంలో "పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని ఏం వెలగబెడుతున్నావ్" అని ఆయన అనని వారం లేదు. మా కోడలికేం పనండీ, తిని కూర్చోవడమేగా అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. అలాంటిది లాయరు గదిలో ఆయన ఆమె చాకిరీ అంతా వరసబెట్టి ఏకరువు పెట్టాడు. రోజుకి రెండు బకెట్లండీ, జ్వరమొచ్చినా మానదండీ, పద్నాలుగేళ్ళలో ఒక్కరోజు నాగా లేదండీ అని. అంటే ఇన్నాళ్ళూ ఆయన చూస్తూనే ఉన్నాడన్నమాట. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అయినా తల వంచుకునే కూర్చుంది.

లాయరు చిన్నపిల్లకి పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఎవరినీ అడగలేదు, మా స్థలమనుకునే ఆరేశాను అనాలి. అడిగి ఆరేసినట్టు ఒక్క ముక్క దొర్లినా కేసు పోతుంది. అడిగి వాడుకున్నది ఎన్నేళ్ళు వాడుకున్నా సొంతమైపోదు.

చిక్కంతా అక్కడే. ఆమె రోజూ అడిగేది. కాపురానికొచ్చిన కొత్తలో, ఈ పెరట్లో ఎండ లేక దుప్పట్లు ముక్కిపోతుంటే చూసి, కుట్టు అక్కే లేచొచ్చి మా వైపు ఆరేసుకోమ్మా అంది. ఒకసారి చెప్పాక మళ్ళీ అడగడమెందుకు? కానీ ఈమె మర్నాడూ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. ఆరేసుకోనా అక్కా, అని. రోజూ అడగాలా పిచ్చిమొహమా అని అక్క నవ్వేది. ఏం చేస్తుంది మరి? పుట్టింటికి ఫోన్ చేయనా, కాసేపు నడుం వాల్చనా అని అడిగీ అడిగీ నోటికి పట్టేసిన అలవాటది. నేర్పింది ఈ ఇంటివాళ్ళే.

"అక్కడ మాట మార్చావో, మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు" అన్నాడాయన నిన్న, చేయి కడుక్కుంటూ. గొంతు కూడా పెంచలేదు. అప్పట్నుంచీ ఆమెకి ఇదే ఆలోచన. గడప దాటిస్తే ఎక్కడికి పోవాలి? పిల్లని తనతో పంపుతారా? దుప్పటి దులిపి తీగ మీద వేస్తుంటే వెనక నుంచి తొమ్మిదేళ్ళ కూతురి గొంతు వినబడింది.

"అమ్మా, మంచినీళ్ళు తాగనా?"

ఆమె చేతులు తీగ మీదే ఆగిపోయాయి.

కోర్టు గది ఇరుకుగా ఉంది. బోను కటకటాలు ఎందరి చేతులో పట్టుకుని నున్నబడ్డాయి, ఆమె కూడా వాటినే పట్టుకుని నిలబడింది. ఎదురు బల్ల మీద కుట్టు అక్క కూర్చుని ఉంది, మెళ్ళో కొలత టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చేసింది. పక్క వరసలో ఆయన.

ఏళ్ళ తరబడి అక్కడే ఆరేస్తున్నారా అని వీళ్ళ లాయరు అడిగాడు. అవునంది. అందుకు ఎవరినైనా అడిగేవారా అన్నాడు. పక్క వరసలోంచి ఆయన కళ్ళార్పకుండా ఆమెనే చూస్తూ, లేదను అన్నట్టు తలాడించాడు.  ఆమె జడ్జిగారి వైపు తిరిగింది.

"ఉన్నదున్నట్టు చెప్పనా అండీ?"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి కళ్ళజోడు తీసి, "ప్రమాణం చేసింది అందుకే కదమ్మా. దానికి నన్నడగాలా?" అన్నాడు.

"రోజూ అడిగేదాన్నండీ" అందామె. "బకెట్టు తెచ్చిన ప్రతిసారీ అక్కనడిగే ఆరేశాను. ఆ నేల అక్కదే."

ఆ తరవాత ఎవరేమన్నారో ఆమెకి సరిగ్గా వినబడలేదు. మెట్లు దిగుతుంటే గేటు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు, మొహం నల్లబడిపోయి ఉంది. ఆమె కాళ్ళు ఆగబోయాయి. అయినా ఆయన పక్కనుంచే గేటు దాటి, పిల్లని తెచ్చుకోవడానికి స్కూలు వైపు నడిచింది. వెళ్ళనా అని ఎవరినీ అడగలేదు.