ఐస్ ఫ్యాక్టరీ మీద ఒక అంతస్తు

అవునండీ, కట్టుకోండి, ఛ, అలా కాదు, మరీ పెళ్లికి ఒప్పుకున్నట్టుంది, సరే కానివ్వండి, ఊహూఁ, ఇది పక్కింటివాళ్లకి నిచ్చెన ఎరువిచ్చినట్టుంది, అవునని చెప్పడం ఇంత కష్టమా అనుకుంటుంటే బస్సు కిటికీ అద్దంలో నా మొహం చూసి నాకే నవ్వొస్తోంది, నగరపాలక కార్యాలయంలో కట్టడాల ప్లాన్లు పరిశీలించే ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ కాదు అనడమే నా పని మరి, రోడ్డుకీ గోడకీ మధ్య ఖాళీ మూరెడు తగ్గితే కాదు, ఇళ్ల జోన్లో దుకాణం పెడితే కాదు, పరిశ్రమల జోన్లో ఇల్లంటే అసలే కాదు, బిల్డర్లంతా కలిసి నాకు కాదమ్మ అని పేరు పెట్టారు, ఆ సంగతి చెవిన పడ్డాక మా ఆయన ఇంట్లోనూ అదే పిలుపు మొదలుపెట్టాడు, కాదమ్మగారూ కాఫీ తాగుతారా, కాదంటే మీది కూడా నేనే తాగేస్తాను అని, పొద్దున అలాగే అడిగితే తాగుతాను, ఇవాళ అన్నిటికీ అవునే అన్నాను, అయితే సాయంత్రం సినిమాకి కూడా అవునేనా అన్నాడు, అవకాశం దొరికితే వదలడు కదా ఈ మనిషి.

సినిమా సంగతి తర్వాత, ముందు ఐస్ ఫ్యాక్టరీ, కొత్త సడలింపు నిబంధన కింద వచ్చిన మొట్టమొదటి దరఖాస్తు అదే, పాత కట్టడాన్ని కూల్చకుండా వాడుకుంటే, కరెంటు వాడకం తగ్గిస్తే, వాన నీటిని నిల్వ చేస్తే, జోను ఏదైనా ఖాళీ ఎంతైనా ఆలోచించి ఒప్పుకోవచ్చు, పైన ఒక అంతస్తు అదనంగానూ ఇవ్వచ్చు, ఇది రాయడానికి డైరెక్టర్‌గారూ నేనూ ఎంత కొట్టుకున్నామో, ఆయనేమో ప్రతి సడలింపుకీ ఒక పట్టిక పెడదామన్నారు, నేనేమో పట్టికలు పెడితే మళ్లీ పాత పాటే కదండీ, చోటుని బట్టి నిర్ణయించనివ్వండి అన్నాను, నిర్ణయించేది ఎవరమ్మా అన్నారు, పరిశీలించే అధికారే అన్నాను, అంటే నువ్వే అన్నారు, నేనే అన్నాను, అప్పుడు గొప్ప ధీమాగానే అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే అరచేతులు చెమటపడుతున్నాయి, కౌన్సిల్‌వాళ్లు కూడా ఒక్క ఏడాది చూద్దాం, తేడా వస్తే ఎత్తేద్దాం అన్నారు, మధ్యాహ్నం కమిటీ ముందు ఈ మొదటి కేసు నెగ్గకపోతే ఆ ఏడాది ఇవాళే అయిపోయినట్టు, స్టాపు వచ్చింది, దిగాలి, జరగండి బాబూ, దిగాలి.

వీధి చివర, రోడ్డుని ఒరుసుకుని నిలబడిన పొడుగాటి కట్టడం, కిటికీల్లేని గోడ, గేటు ముందు హెల్మెట్ చంకలో పెట్టుకుని ఆర్కిటెక్టు, పొట్టిగా చురుగ్గా, నన్ను చూడగానే మేడమ్ ముందు ఈ గోడ మీద చెయ్యి పెట్టండి అంది, నమస్కారం కూడా మర్చిపోయింది పాపం, పెట్టాను, ఇంత ఎండలోనూ చల్లగా ఉంది, లోపల బెరడు పొర, రంపంపొట్టు, మళ్లీ ఇటుక, ఐస్ కరక్కుండా కట్టారు మేడమ్, ఐస్‌ని కాపాడిన గోడ మనుషుల్ని కాపాడదా అంటోంది, ఆమె మాటలు వినబడుతూనే ఉన్నాయి కానీ నా చెంపకి ఇంకో గోడ తగులుతోంది, తమ్ముడికి జ్వరం వచ్చినప్పుడు అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని ఐస్ గడ్డ కోసం వెళ్లేది, వరసలో మా వంతు వచ్చేదాకా నేను ఫ్యాక్టరీ గోడకి చెంప ఆనించి నిలబడేదాన్ని, అమ్మమ్మ నవ్వేది, గోడని ముద్దుపెట్టుకుంటున్నావేంటే పిచ్చిదానా అని, అలాంటి గోడనే పాత నిబంధన ప్రకారం నేను కూల్చమని రాయాలి, రోడ్డు పక్క ఖాళీ వదల్లేదని, ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు, ఎన్ని కూల్పించానో అలా, ఇవాళ మాత్రం ఇది నిలబడుతుంది, నిలబెడతాను.

లోపలికి పదండి మేడమ్, ఇదిగో ఐస్ దిమ్మలు వేసే గుంట, దీన్ని పూడ్చం, పైకప్పు మీద పడిన వానంతా ఇందులోకే, కింద దుకాణాలు, కుట్టు పనివాళ్లు, సైకిళ్లు బాగుచేసేవాళ్లు, పైన ఇళ్లు, కార్లకి అంతస్తు వద్దు, బస్సు ఎదురుగానే ఆగుతుంది కదా, ఆ కాంక్రీటంతా మిగులుతుంది అని ఆమె వేళ్లు గాలిలో గోడలు లేపుతుంటే నేను వెనకాలే దాదాపు పరిగెడుతున్నాను, ఈ వయసులో, ఈ చెప్పులతో, చీకటి గదిలో ఎక్కడో ఒక సందులోంచి ఎండ పడి దుమ్మంతా మెరుస్తోంది, ఇక్కడ పిల్లలు చదువుకుంటారు, ఇక్కడ ఎవరో కూర తరుగుతారు, నాకు కనబడిపోతున్నారు, ప్లాను కాగితం మీద గీతలే తప్ప మనుషులు ఎప్పుడు కనబడ్డారు నాకు, మీ అదనపు అంతస్తు ఎక్కడ అన్నాను, వెనక వైపు మేడమ్, వీధిలోంచి చూస్తే కనిపించదు, కనిపించకపోతే గిట్టనివాళ్లు గోల చెయ్యరు, తెలివైనదే, పైకెళ్లి చూద్దామా, చూద్దాం.

డాబా మీదికి వచ్చేసరికి సబ్బు వాసన, తడి బట్ట వాసన, వెనకనే ఒక మెట్టు కిందుగా ఇంకో డాబా, దాని నిండా తెల్లటి దుప్పట్లు, పెద్ద లాండ్రీ ఉన్నట్టుంది, తీగల మీద వరసలు వరసలుగా, గాలికి అన్నీ ఒకేసారి పొట్టలు నింపుకుని లేస్తున్నాయి, ఎంత బాగుందో, ఈ ఎండ, ఈ తెలుపు, ఇవాళ లోకమంతా నాకు అవునంటోంది, ఒకావిడ ఆ చివరి దుప్పటి తీసి ఇటు పక్క తీగ మీద వేస్తోంది, ఆరిందేమో, కాదు, ఇంకా నీళ్లు కారుతున్నాయి, మళ్లీ ఇంకొకటి తీసింది, ఎందుకలా మారుస్తోంది, ఓ, ఆ నీడ, మేం నిలబడ్డ డాబా మీది నీళ్ల ట్యాంకు నీడ, అది పాకుతూ దుప్పట్ల మీదికి వస్తుంటే ఆవిడ దానికంటే ముందు జరుగుతోంది.

నా పక్కనే ఆర్కిటెక్టు సోలార్ పలకల గురించి చెబుతూనే ఉంది, నేను పిట్టగోడ దగ్గరికి వెళ్లాను, ఏంటమ్మాయ్, మా దుప్పట్లు లెక్కపెడుతున్నావా అని ఆవిడ కింద నుంచి అరిచింది, నోట్లో క్లిప్పు పెట్టుకుని కూడా అంత గొంతు, లేదు పెద్దమ్మా, ఆ ట్యాంకు నీడతో ఇబ్బందా అన్నాను, అది మాకు అలవాటేలే, ఆడపడుచు లాంటిది, వస్తుంది, కాసేపు కూర్చుంటుంది, పోతుంది అంది, ఇక్కడ కొత్త కట్టడం వస్తోంది తెలుసా అంటే గేటు మీద అంటించారుగా, కరెంటు తక్కువ వాడే ఇళ్లట, మంచిదే కదా అంది, ఈ వైపు ఇంకో అంతస్తు లేస్తుంది పెద్దమ్మా అన్నాను, ఆవిడ చెయ్యి తీగ మీదే ఆగిపోయింది, పైకి చూసింది, తన డాబా వంక చూసుకుంది, డాబా అంతానా అంది, తలూపాను, సరేలే, మా తమ్ముడు ఎప్పట్నుంచో ఆరబెట్టే మిషన్లు పెట్టించమని పోరుతున్నాడు, అవి పెట్టిస్తాం, ఏం చేస్తాం, రోజంతా తిరుగుతాయి, అంతే, అని క్లిప్పు మళ్లీ నోట్లో పెట్టుకుంది.

రోజంతా తిరుగుతాయి, అంటే ఇక్కడ మిగిల్చిన కరెంటంతా అక్కడ మిషన్లలో పోతుంది, పైగా ఈ కట్టడాన్ని మెచ్చుకుని అంతస్తు బహుమానం ఇచ్చేది నేనే, అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే కదా, పచ్చదనం మాది, ఎండ ఆవిడది, ఎందుకు చూశాను ఇటు, చూడకుండా దిగిపోయుంటే ఈపాటికి టీ తాగుతుండేదాన్ని, ఫోను మోగింది, డైరెక్టర్‌గారు, ఏమ్మా అంతా బాగుందిగా, బాగుందండీ, ఒక్క చిక్కుంది, చిక్కా, ఇవాళ చిక్కులేంటమ్మా, మొదటి కేసు, లాండ్రీ డాబా మీద ఎండ పోతుందండీ, ఎండ గురించి మన నిబంధనలో ఒక్క ముక్కైనా ఉందా, లేదండీ, మరింకేం, ఒప్పుకుంటున్నాం అని చెప్పి కూర్చో, తల్లీ నీకు దణ్ణం పెడతాను అని పెట్టేశారు, పాపం ఆయన గొంతులో భయం నాకు తెలుసు, నాలోనూ ఉంది అదే.

ఆర్కిటెక్టు వైపు తిరిగి అంతస్తు ఇక్కడ వద్దు అన్నాను, ఆమె మొహం మాడిపోయింది, మేడమ్, మీరేనా, మీరు రాసిన నిబంధనే కదా, లాండ్రీ ఎండని లెక్కలోకి తీసుకోమని ఎక్కడుంది అందులో, అంది, లేదు, ఎక్కడా లేదు, పాత రోజులైతే మీ ప్లాను చూసి ఖాళీలు కొలిచి పంపేసేదాన్ని, ఈ డాబా ఎక్కే పనే ఉండేది కాదు అన్నాను, ఆ అంతస్తు లేకపోతే మాకు గిట్టుబాటు కాదు, అయితే ఇదంతా తీసేయమంటారా, కూల్చి మామూలు డబ్బా కట్టుకోమంటారా అని కళ్లలో నీళ్లు తిప్పుకుంటోంది, ఎన్ని రాత్రులు కూర్చుని గీసిందో, తీసేయమని ఎవరన్నారు, జరపండి అన్నాను, ఎక్కడికి జరపను అని విసుగ్గా చుట్టూ చూసింది, నేనూ చూశాను, ఆ చివర, వీధి వైపు, కట్టడం కొంచెం లావెక్కి భుజంలా పొడుచుకొచ్చి ఉంది, అదేంటి అన్నాను, మిషన్ల గది మేడమ్, చల్లబరిచే యంత్రాలన్నీ అక్కడే ఉండేవి, ఆ స్తంభాలు ఏనుగుల్ని మోస్తాయని మా ఇంజనీరు రాసే ఇచ్చాడు, కానీ అక్కడ కడితే వీధిలోకి కనిపిస్తుంది అంటూనే ఆగిపోయింది, ఆగి పిట్టగోడ మీదుగా వంగి కిందకి చూసింది, బస్సు కోసం జనం ఎర్రటి ఎండలో, సంచులు నెత్తిన పెట్టుకుని, ఒకాయన స్తంభం సన్నటి నీడలో ఒంటికాలి మీద, పొద్దు వాలాక నీడ వాళ్ల మీద పడుతుంది అంది నెమ్మదిగా, పడనివ్వండి అన్నాను, ఇద్దరం ఒకేసారి నవ్వాం, ఆమె పిట్టగోడ మీదే కాగితం పరిచి గీయడం మొదలుపెట్టింది, గాలికి ఎగరకుండా నేను రెండు మోచేతులూ ఆనించాను.

కమిటీ గదిలో ఏసీ మరీ ఎక్కువ, పొడుగు బల్ల, చైర్మన్ కళ్లజోడు పైకీ కిందకీ, వీధి వైపు అంత ఎత్తా అన్నారు, చూసేవాళ్లేమంటారు అన్నారు, డైరెక్టర్‌గారు నా వైపు చూడకుండా నీళ్లు తాగుతున్నారు, ఆర్కిటెక్టు బల్ల కింద వేళ్లు ముడేసుకుంది, చైర్మన్ నా నోటు తిరగేసి, అంతస్తుని వెనక నుంచి ముందుకి మార్చాలని మీరు షరతు పెట్టారు, ఏ నిబంధన కింద అని అడిగారు, సూటిగా, నేను లేచి నిలబడ్డాను, ఏ నిబంధనలోనూ లేదండీ, నేను వెళ్లి చూశాను, వెనక వాళ్ల బట్టలు ఎండతో ఆరుతున్నాయి, ఆ ఎండ తీసుకుంటే మనం ఆదా చేసిందంతా వాళ్లు మిషన్లకి ఖర్చుపెడతారు, అందుకని నేను మార్చమన్నాను, అన్నాను, ఎవరో కుర్చీ జరిపారు, చైర్మన్ ఆ గీతల వంక చాలాసేపు చూసి, రేపు ఎవరైనా అడిగితే నేను మీ పేరు చెబుతాను మరి అన్నారు, చెప్పండి అన్నాను, అయితే ఒప్పుకుందాం అని సంతకం పెట్టారు, డైరెక్టర్‌గారు గ్లాసు దించారు, ఆర్కిటెక్టు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, నేను కూర్చుని ఆఖరి పేరా రాయడానికి పెన్ను తీశాను, ప్లాను పరిశీలించడమైనది, చెయ్యి దానంతటదే రాసేసింది, అలవాటు, పరిశీలించడమైనది, తిరస్కరించడమైనది, కూల్చివేతకు ఆదేశించడమైనది, ఇన్నేళ్లూ అవే వాక్యాలు, ఎవరు పరిశీలించారు, ఎవరు ఆదేశించారు, వాటిల్లో మనిషే లేదు, రాసిన నేను కూడా లేను, ఎంత హాయిగా దాక్కున్నానో ఆ డమైనదిల వెనకాల, ఆ ముక్క కొట్టేసి మళ్లీ రాశాను, నేను చూశాను, నేను ఒప్పుకుంటున్నాను, రేపు ఆ ఇళ్లు చల్లగా ఉంటే దానికి నేను, ఏదైనా తప్పు తేలితే దానికీ నేనే, రాస్తుంటే భయమే, కానీ ఎంత బాగుందో ఆ భయం, ఆ రెండు చిన్న వాక్యాల్లో ఇప్పుడొక మనిషి ఉంది.