పెద్దమనిషికి షుగర్

మా వదిన పిల్లికి షుగర్ వచ్చింది. వదినంటే మా ఆవిడకి తోడబుట్టిన అక్క, మా పై వాటాలోనే ఉంటుంది. బావగారు పోయాక ఆవిడకి తోడున్నది ఆ పిల్లే. బాగా ఒళ్ళు చేసిన గండుపిల్లి. గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని ఎగాదిగా చూస్తుందని నేనే దానికి పెద్దమనిషి అని పేరు పెట్టాను.

అప్పటికి మూడేళ్ళుగా అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. మా ఆవిడ దర్జీ పని చేస్తుంది. చలికాలంలో ఒకరోజు వదిన కొత్త కోటు వేసుకుని మెట్లు దిగింది. చంక దగ్గర కుట్టు చూసి, అది వీధి చివర కొట్టువాడి పనని ఈవిడ ఇట్టే పట్టేసింది. నీకు తీరిక ఉండదని అడగలేదని వదిన అంది. సొంత అక్కే బయట కుట్టించుకుంటే ఊళ్ళోవాళ్ళు నా దగ్గరికెందుకు వస్తారని ఈవిడ అంది. అంతే, మాటలు బంద్. ఇద్దరూ మొండిఘటాలే, మధ్యలో నలిగింది నేను.

పిల్లికి తిండి మార్చి, రెండు పూటలా తిన్నాక ఇన్సులిన్ వేయాలన్నాడు డాక్టరు. వదినకి చూపు ఆనదు, సిరంజి మీది గీతలు కనబడవు. నాకు సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఇక మా ఆవిడే పైకెళ్ళాల్సి వచ్చింది. "నేను వెళ్ళేది పిల్లి కోసం, మనుషుల కోసం కాదు," అని పై వాటాకి వినబడేలా నాకు చెప్పి మరీ వెళ్ళింది.

పని మాత్రం శ్రద్ధగా చేసేది. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించి, రెండో గీత దాకా మందు లాగేది. వదిన పిల్లిని పట్టుకుంటే, మెడ వెనక చర్మం పైకి లాగి సూది వేసేది. ఇద్దరూ మాట్లాడేది మాత్రం పిల్లితోనే.

"పెద్దమనిషీ, కడుపు నిండా తిన్నావా? తినకుండా సూది వేయించుకుంటే కళ్ళు తేలేస్తావు," అనేది మా ఆవిడ.

గిన్నె నాకి మరీ తిన్నానని చెప్పరా అనేది వదిన, పిల్లి చెవిలోనే.

నెలలు గడిచేకొద్దీ పిల్లికి చెప్పాల్సిన సంగతులు ఎక్కువయ్యాయి. వదిన మోకాళ్ళ నొప్పులు, బట్ట పాడు చేశావని మా ఆవిడతో గొడవపెట్టుకున్న కస్టమరు, కింది వాటావాళ్ళ నీళ్ళ మోటారు, అన్నీ ఆ పెద్దమనిషే వినాలి. సూది వేయడానికి ఎంతసేపు పడుతుంది గనక? ఈవిడ వచ్చేసరికి నా అన్నం చల్లారిపోయేది. అయినా ఆ చల్లన్నమే తినేవాణ్ణి. మా ఆవిడ మెట్లు దిగుతూ తనలో తను నవ్వుకోవడం నాకు బాగుండేది.

తీరా ఒకరోజు డాక్టరు పరీక్ష చేసి, తిండి మార్చడమూ మందూ బాగా పనిచేశాయి, ఇక సూది ఆపేయండి అన్నాడు. పిల్లుల్లో ఒక్కోసారి ఇలా తగ్గుతుందట. మళ్ళీ నీళ్ళు ఎక్కువ తాగుతుంటే మాత్రం షుగర్ చూడమన్నాడు. నేను సంబరపడిపోయి పిల్లి ఉన్న బుట్ట అందుకున్నాను. కారులో తిరిగొచ్చే దారంతా అక్కాచెల్లెళ్ళు చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ మొహాలు చూస్తే పిల్లి చచ్చిపోయిందనుకుంటారు ఎవరైనా.

సాయంత్రం అలవాటు కొద్దీ మా ఆవిడ చేతులు కడుక్కుని, తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఒకసారి పైకెళ్ళి చూసి రమ్మన్నాను.

"ఏమని వెళ్ళను?" అంది.

ఈ ముడి మళ్ళీ బిగుసుకుంటుందేమోనని భయం వేసింది.

రెండు రోజులకి వదిన పిల్లిని చంకనేసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వీడు నీళ్ళు తెగ తాగుతున్నాడు, షుగర్ చూడాలి అని నాకు చెప్పింది. మా ఆవిడ వైపు చూడలేదు. పెద్దమనిషి మాత్రం హాయిగా ఆవలిస్తున్నాడు.

మా ఆవిడ పిల్లి చెవి అంచున గుచ్చి, రక్తం చుక్క షుగర్ మీటరుకి అందించింది. నేను వెనకే ఉన్నాను. తొంభై రెండు. నిక్షేపంలా ఉన్నాడు. ఈవిడ ఆ అంకె వైపే కాసేపు చూసి, దాని మీద బొటనవేలు పెట్టి మూసేసింది.

"కొంచెం పెరిగిందక్కా," అంది. ఆ పిలుపు విని మూడేళ్ళ పైనే అయింది. "సూది అక్కర్లేదు గానీ, రోజూ చూస్తుండాలి. నేనే పైకొస్తాలే."

వదిన పిల్లిని ఒళ్ళోకి లాక్కుంది.

"అమ్మయ్య," అంది.