గుడ్డెలుగు రొట్టె

తెల్లారి ఆరున్నరకు జహీరాబాద్‌ల శివరాజ్ ఇంట్ల పొయ్యి అంటుకునేది. పెనం వేడెక్కేలోపల ఆయన చెల్లె తారాబాయి మసిలే నీళ్లు పోసి జొన్నపిండి పిసికేది. ఆమె రొట్టె కొట్టే చప్పుడుకు వాడకట్టు సగం లేచేది. రొట్టెను పెనం మీద ఏసేటప్పుడు తినేటోళ్ల పేరు చెప్పి ఎయ్యాలె, అది ఆ ఇంటి పద్ధతి. "ఇది మా అన్నది" అనేది, ఏసేది. తడిబట్టతోని తుడిచి, తిప్పి, నిప్పుల కాడ నిలబెడితె రొట్టె ఉబ్బేది. ఉబ్బినంక దాని మీద, తినేటోళ్ల మనసుల ఏమున్నదో అది బొమ్మయ్యి లేచేది.

శివరాజ్ చక్కెర మిల్లుల చెరుకు బండ్లు తూకమేసే గుమాస్తా. చలికాలమంత ఆయన రొట్టె మీద బండ్లే, ఎద్దుల కొమ్ములతోని సహా. ఆయన భార్య గిరిజమ్మ రొట్టె మీద కోహీర్‌ల వాళ్ల అమ్మగారి జామతోట వస్తుండె. తోట వచ్చిననాడు శివరాజ్ సప్పుడు చెయ్యకుండ తిని మిల్లుకు పోయేటోడు, ఆ రోజు ఆమెను గెలుకుడు మంచిది కాదని ఆయనకు ఎరుకే. శివరాజ్ తల్లి బస్వమ్మవ్వకు పండ్లు లేవు, రొట్టెను పాలల్ల నానేసుకుంటది. కాని ముందుగాల బొమ్మ చూసుకోనిది ముక్క తుంపకపోయేది. ఒకళ్ల రొట్టె ఇంకొకళ్లు తినొద్దు. ఎవరిది వాళ్లకే పెట్టాలె.

తారాబాయి రొట్టె మీద మాత్రం ఏం రాకపోయేది. అందరివి అయినంక మిగిలిన పిండి ఊడ్చి ఆఖరిది తనకు కొట్టుకునేది, ఎవరి పేరు చెప్పకుండ పెనం మీద ఏసేది. తన పేరు తనే చెప్పుకునుడంటె సిగ్గు గాదా? అది తెల్లగ, సాఫ్‌గ ఉబ్బేది. ఆ ఇంట్ల వేరేటోళ్ల రొట్టెల మీద సుత ఆమె ఎన్నడు కనపడలే. మనిషి మనసు దూరమున్నదాన్ని పట్టుకొని ఏలాడ్తది. ఆమెనేమో ఇరవై రెండేండ్లకు మొగుడు ఇంకో పెండ్లి చేసుకొని ఎల్లగొట్టిన కాన్నుంచి ఆ పొయ్యి కాడనే ఉండె.

పంతొమ్మిదొందల డెబ్బై నాలుగుల, శివరాజ్ బిడ్డ భాగీరథి రొట్టె మీద ఒక గుడ్డెలుగు, అదే ఎలుగుబంటి, వచ్చింది. బడిల తోటిపిల్ల చూసొచ్చి చెప్పిందట, కోహీర్ అవతల పాత జాగీర్దారు తోటల జూ ఉన్నదని. జూ అంటె హైదరాబాద్ జూ అనుకునేరు. ఏడు జింకలు, రెండు నెమళ్లు, ఒక ముండ్లపంది, ముసలి ఒంటె, ఒక గుడ్డెలుగు, గంతే. ఏడేండ్ల పిల్లకు గంతకన్న ఏం గావాలె? నాడెక్కిన గుడ్డెలుగు మూడేండ్లు ఆ పిల్ల రొట్టె దిగలే.

అబ్బ, ఆ జూకు పోయే ముచ్చట ఎన్నిసార్లు నడిచిందో. శివరాజ్ మిల్లు చీటీల ఎనక పెన్సిల్‌తోని రాసేటోడు, ఏ బస్సు ఎక్కాలె, కోహీర్‌ల ఎవరి బండి అడగాలె, అవ్వ కూసునేదానికి బొంత ఎవరు మొయ్యాలె. గిరిజమ్మ ఛత్రీ తీసి ఎండకు పెట్టేది. అన్ని కుదిరినంక బర్రె పాలు ఎవరు పిండుతరని ఆగేటోళ్లు. "తార ఉంటది గద" అని అందరు ఒక్కమాటే అనేటోళ్లు. తారాబాయి సుత తలూపేది. తీరా ఒక ఏడు అవ్వకు మోకాళ్లు పట్టినయి. ఇంకో ఏడు గిరిజమ్మకు చలిజరం, మూడో ఏడు మిల్లుల సెలవు దొరకలే. అయినా తారాబాయి పొద్దున్నే లేచి రొట్టెలు కట్టి పెట్టేది. ఆ మూట ఇంటి అరుగు మీదనే విప్పి, జూల కూసున్నట్టే గుండ్రంగ కూసోని తినేటోళ్లు. అట్ల మూడుసార్లయింది. భాగీరథికి ఇప్పుడు తల్సుకుంటె ఆ అరుగు మీది తిండే మస్తు రుచి అనిపిస్తది.

డెబ్బై ఏడు చలికాలంల న్యాల్‌కల్ నుంచి చెన్నబసప్ప వచ్చిండు. తారాబాయి మొగుని పెదనాయిన. చాయ తాగి నిమ్మళంగ చెప్పిండు, రెండో ఆమెకు పక్షవాతం వచ్చింది, అత్త ముసల్దయ్యి మంచంల ఉంది, ఇంట్ల చేసే మనిషి లేదు, జరిగింది మర్చిపోయి పిల్లను పంపియ్యున్రి, అమాస ఎల్లినంక బండి తోలుతం అని. ఆ మాట వంటింట్లకు వినపడ్డది. తారాబాయి చెయ్యి పెనం అంచుకు తగిలి, చిటికెనవేలు కింద నెలవంక లెక్క కాలింది. భాగీరథి చూసింది. చెప్పొద్దన్నట్టు అత్త తల అడ్డం ఊపింది.

శివరాజ్ రెండు దినాలు కోపంగ తిరిగిండు. మూడోనాడు మెత్తబడ్డడు. ఎంతైనా అది ఆమె ఇల్లే గదా, రేపు తాను పోయినంక చెల్లెకు దిక్కెవరు అని ఫికర్ పట్టుకున్నది. ఆమె మనసు ఎట్లున్నదో చూద్దామని వారం రోజులు ఆమె రొట్టె మీదికి వంగి చూసిండు. తెల్లగ, సాఫ్‌గ ఉండె. ఒద్దనుకుంటె రొట్టె మీద రాదా అన్నడు. గిరిజమ్మకు సుత అది నిజమే అనిపించింది. ఆ ఇంట్ల మనసు సంగతి నోటితోని అడిగే అలవాటే లేకుండె. రొట్టె ఉండంగ అడుగుడెందుకు? పంపిస్తమని చెన్నబసప్పకు కబురు పోయింది. తారాబాయి తన రెండు చీరెలు ఉతికి ఆరేసుకున్నది.

ఎట్లాగు పోయే మనిషి, ఒక్కసారన్న జూ చూపిద్దమని శివరాజ్ అనుకున్నడు. దినం సుత దొరికింది, ఎల్లమాస. ఆ అమాసకు మా దిక్కు ఊరు ఊరంత చేన్లకు పోయి, అక్కడనే తిని వస్తది. బండ్లు రావు గనుక మిల్లు బందు. వీళ్ల చెలక చిరాగ్‌పల్లి కాడ ఉండె, పోయినేడే బంబై రోడ్డు వెడల్పు చేస్తే అందుల కలిసిపోయింది. పోదామంటె చేను లేదు. ఇగ జూకే పోదామన్నరు. బర్రెను పక్కింటి నారమ్మ చూసుకుంటనన్నది.

అవ్వకు మాత్రం ఎల్లమాస ఎల్లమాసే. చిక్కుళ్లు, కందికాయ, ఆకుకూరలన్ని కలిపి వండిన బజ్జి కుండ, అంబలి కుండ, సజ్జరొట్టెలు, కొత్త గొంగడి, అన్ని బస్సెక్కించింది. కండక్టర్ ఏందవ్వా చేను మోసుకపోతున్నవా అంటె, చేనే లేదు బిడ్డా, కుండన్న మోసుకపోనీ అన్నది.

తోటల భాగీరథి ఒక్క ఉరుకుల గుడ్డెలుగు బోను కాడికి పోయింది. అది మూలకు ముడుచుకొని, మొహం గోడ దిక్కు పెట్టి పండుకోనుండె. బొమ్మల చూసినదాంట్ల సగం లేదు. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. జూ చూసుకునే ప్రకాశం వచ్చి, నెల దినాల సంది సరిగ్గ తింటలేదమ్మా, నాలుగొద్దులైతె ముట్టనే లేదు, జొన్నరొట్టెలు చేసి బకెట్ల ఎత్తి లోపల ఏస్తున్నం, వాసన సుత చూస్తలేదు అని చెప్పిండు.

ఇదంత వినకుండనే అవ్వ తన పని మొదలుపెట్టింది. ఎల్లమాసకు చేను చుట్టు చల్లినట్టే అంబలి చల్లుకుంట బోను చుట్టు తిరగబట్టె. శివరాజ్‌కు తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. ప్రకాశం మాత్రం నెత్తి మీది టవల్ తీసి పక్కకు జరిగి నిలబడ్డడు.

తారాబాయి బోను దిక్కే చూస్తుండె. మీ పొయ్యి ఎక్కడుందని ప్రకాశాన్ని అడిగింది. బోను ఎనక రేకుల కొట్టం, మూడు రాళ్ల పొయ్యి. ఆమె పిండి పిసికి, కొట్టి, "ఇది గుడ్డెలుగుది" అని పెనం మీద ఏసింది. రొట్టె ఉబ్బింది. దాని మీద ఒక చెయ్యి లేచింది. ఆడమనిషి చెయ్యి, మణికట్టుకు గాజులు, చిటికెనవేలు వంకర.

ప్రకాశం వంగి ఆ వంకర వేలు చూసిండు. "ఇది యాదమ్మ చెయ్యి" అన్నడు. పదకొండేండ్లు దానికి రొట్టె చేసి చేతితోని పెట్టిన మనిషట. పోయిన నెలనే చనిపోయింది. అట్ల చేతితోని పెట్టే మనిషి కోసం జూ కమిటీవాళ్లు ఎతుకుతున్నరు, ఎలుగు అంటె భయపడి ఒక్కళ్లు వస్తలేరన్నడు.

తారాబాయి రొట్టె పట్టుకొని పోయి ఊచల కాడ కూసున్నది. బకెట్ అడగలే. ముక్క తుంపి చెయ్యి లోపల పెట్టింది. చాన సేపటికి గుడ్డెలుగు లేచింది, వచ్చి ఆమె చెయ్యి వాసన చూసింది, పెదిమెలతోని ముక్క అందుకున్నది. రొట్టె మొత్తం తిన్నది.

ఈ లోపల భాగీరథి కొట్టంల మిగిలిన పిండి తీసుకొని తోచినట్టు కొడుతుండె. వంకరటింకర రొట్టె, ఒక దిక్కు మందం, ఒక దిక్కు చిల్లి. దాన్ని పెనం మీద ఏసుకుంట గట్టిగ, "ఇది తారత్తది" అన్నది.

అంతదాక ఆ పేరు ఎవరు చెప్పలేదని అప్పుడు అందరికి సోయి వచ్చింది. గిరిజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. అందరు పొయ్యి చుట్టు వంగిన్రు. రొట్టె ఉబ్బీ ఉబ్బక లేచింది. న్యాల్‌కల్ ఇల్లు రాలే. జహీరాబాద్ ఇల్లు రాలే. రేకుల కొట్టం, మూడు రాళ్ల పొయ్యి, పక్కన బోను ఊచలు వచ్చినయి.

శివరాజ్ ఆ రొట్టెను చేతుల పట్టుకొని చాన సేపు చూసిండు. ఇన్నేండ్లల్ల మొదటిసారి చెల్లెను నోటితోని అడిగిండు.

"తారా, నువ్వు చెప్పమ్మా. నీకేం గావాలె?"

"న్యాల్‌కల్ పోనన్నా," అన్నది తారాబాయి. "ఈడ ఉంట."

అమాస ఎల్లినంక వచ్చిన బండి ఉత్తగనే పోయింది. మా తారకు నౌకరి దొరికిందని శివరాజ్ చెన్నబసప్పకు చెప్పిండు. ఆమె లేని మొదటినాడు పొద్దుగాల గిరిజమ్మ రొట్టెలు చేసింది. నాలుగు రొట్టెల మీద తారాబాయే వచ్చింది. అవ్వ పాలల్ల నానెయ్యలేక అట్లనే పట్టుకొని కూసున్నది. ఎవరు ఎవరి మొహం చూసుకోలే.

ఎనభై ఆరుల భాగీరథి పెండ్లయి, మొగున్ని తీసుకొని ఆ తోటకు పోయింది. గుడ్డెలుగు ముసల్దయ్యి ఎండకు పండుకోనుండె. తారత్త తెల్లబడ్డ ఎంటికలను ముడేసుకొని రొట్టె కొడుతుండె. మాటల మధ్యల భాగీరథి, ఇప్పటికీ దాని రొట్టె మీద యాదమ్మ చెయ్యే వస్తదా అత్తా అని అడిగింది.

లేదన్నది తారాబాయి. వచ్చిన ఏడే, వానకాలంల ఒకనాడు చెయ్యి మారిందట. వేలు వంకర లేదట, గాజులు లేవట. చిటికెనవేలు కింద నెలవంక లెక్క కాలిన మచ్చ ఉన్నదట. అది చెప్పుకుంట ఆమె తన చెయ్యి తిప్పి చూపెట్టింది, ఎరుకలేని మనిషికి చూపెట్టినట్టు.

"ఊచల అవతలనే ఉంటగద, రోజు చూస్తది. అయినా నేనే వచ్చిన," అన్నది.

"మరి ఆ రొట్టె దాసుకున్నవా అత్తా?"

"ఎట్ల దాసుకుంట బిడ్డా, అది దాని రొట్టె," అన్నది తారాబాయి. "జర సేపు చూసుకున్న. చల్లారుతదని దానికే పెట్టిన."