ఎడం పెంపకం

అయినా టీకా అని అత్తయ్యకు చెప్పడం అబద్ధమేమీ కాదు. పాపకు టీకా నిజంగానే వేయించాను. ఆ తరవాత ఇంకో గది ముందు కూర్చుంటానని చెప్పలేదు, అంతే. చెప్పని మాట అబద్ధం కిందికి రాదని నా మనసు చాలాసేపటిగా వాదిస్తోంది. వాదన గెలుస్తున్నకొద్దీ అరచేతుల్లో చెమట మాత్రం ఎక్కువవుతోంది.

పక్కనే మా అత్తయ్య అంబరో. ఎవరూ పిలవకుండానే ఫ్లాస్కు నిండా టీ పోసుకుని వెంట వచ్చింది. మా ఈస్ట్‌లీ పేట బురదలో నాకంటే ముందు నడిచి, ఆసుపత్రి గేటు నాకంటే ముందు దాటింది.

"సూది అయిపోయిందిగా. ఇంకా ఎందుకే ఇక్కడ? ఈ బెంచీ మీ పుట్టింటివాళ్ళు చేయించి పంపారా, లేవబుద్ధి కావట్లేదు?"

"పాపకి జ్వరం వస్తుందేమో కాసేపు చూడమన్నారు అత్తయ్యా."

"జ్వరం నీకొచ్చేట్టుంది. మొహం చూసుకో."

మూడు వారాలుగా ఈవిడతో పోట్లాడుతూనే ఉన్నాను, నా తలలో. అంజీరో అట్లు పోస్తూ, గిన్నెలు తోముతూ, పాపకు పాలిస్తూ. ఆవిడ మాటలూ నేనే చెప్పేదాన్ని, నా మాటలూ నేనే. విచిత్రమేమిటంటే, నా తలలోని అత్తయ్యే ప్రతిసారీ గెలిచేది. నాకు నేను అంత మంచి మాటలు ఎప్పుడూ ఇచ్చుకోలేదు.

ఆరేళ్ళలో నలుగురు పిల్లలు. నాలుగో కాన్పులో రక్తం పోయి రెండు రోజులు కళ్ళు తెరవలేదు. వెంటనే మళ్ళీ కడుపొస్తే లేచి తిరగడం కష్టమని మంత్రసాని మొహం మీదే చెప్పింది. ఈ సంగతి మా ఆయన గూలేద్‌తో ఫోనులో చెప్పాను. ఆయన మండేరా దారిలో లారీ తోలుతాడు. రెండు నెలలకోసారి వచ్చి, నాలుగు రోజులుండి, నాకు తొమ్మిది నెలల పని అప్పజెప్పి వెళ్తాడు. అంతా విని, "అమ్మనడుగు" అన్నాడు. చొక్కా రంగు దగ్గర్నుంచి అన్నింటికీ ఆయన జవాబు అదే. కాబట్టి అడగాల్సింది అమ్మనే. అమ్మేమో పక్కన కూర్చుని టీ ఊదుకుంటోంది.

బెంచీల మీద మరో పది పన్నెండు మంది ఉన్నారు. అందరూ మా సోమాలీవాళ్ళే. అందరం అదే గదికి వచ్చామని అందరికీ తెలుసు. అందుకే ఎవరమూ ఆ తలుపు వైపు చూడటం లేదు.

"మీరెందుకొచ్చారమ్మా?" అని అత్తయ్య ఎదుటి బెంచీలో పసుపు ముసుగావిడను అడిగింది.

"పన్ను నొప్పండీ."

"పన్ను చూపించుకోవడానికి ఈ గుమ్మమా? ఎక్కడ మొలిచిందమ్మా ఆ పన్ను?"

బెంచీలన్నీ ముసుగుల చాటున కిలకిలమన్నాయి. నేను నవ్వలేకపోయాను. తరవాతి వంతు నాదని తెలుసు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. కెముంతో అనే కొత్త నర్సు బయటికి వచ్చింది. కీసీ తెగ పిల్ల. మా భాష నేర్చుకుంటోందట, చేతిలో చిన్న నోటుపుస్తకం. అందులో చూసి, గొంతెత్తి, మా సోమాలీలోనే కేకేసింది:

"ప్రసవాలు ఆపేసుకునేవాళ్ళు లోపలికి రండి!"

ఒక్కరూ కదల్లేదు. పసుపు ముసుగావిడ చెంప పట్టుకుని మూలిగింది. నర్సు మళ్ళీ పుస్తకంలోకి చూసుకుని, ఇంకా గట్టిగా అదే మాట అంది. నేను నేల వైపు చూశాను. నేల చాలా శుభ్రంగా ఉంది.

"ఇదిగో పిల్లా," అంది అత్తయ్య. "ఆపడానికి మేమేమన్నా బస్సులమా?"

నర్సు బిక్కమొహం వేసింది.

"దేవుడిచ్చేదాన్ని ఆపేస్తానని ఏ ఆడది నలుగురిలో లేచి నిలబడుతుంది? ఎవరు నేర్పారే నీకు? 'ఎడం పెంపకం' అని పిలువు. బిడ్డకీ బిడ్డకీ మధ్య ఎడం. మా మాట అదీ. రాసుకో."

నర్సు రాసుకుంది. పెదవులు కదిపి రెండుసార్లు లోపలే అనుకుని, బడిపిల్లలా పైకి అంది: "ఎడం పెంపకం!"

అయిదుగురు లేచారు. అందరికంటే ముందు పన్ను నొప్పావిడ.

నేను లేవలేదు.

"నువ్వు లేవవేం?" అంది అత్తయ్య.

"నేనా?"

"కాదు, ఈ ఫ్లాస్కు. ముగ్గురు పిల్లల టీకాలకి నన్నే తోలావు, ఒక్కసారీ నువ్వు రాలేదు. ఇవాళ నేను తీసుకెళ్తానంటే పాపని విడిస్తేగా! నాకు కళ్ళు మసకలే గాని బుర్ర మసక కాదు."

"మీకు కోపం..."

"మా ఇంట్లో ఒంటెలుండేవి. ఒకసారి ఈనాక మళ్ళీ ఈనడానికి రెండేళ్ళు. ఆ ఒంటెని ఎవరూ దైవద్రోహి అనలేదు. బిడ్డకి తల్లిపాలు రెండేళ్ళని మన గ్రంథంలోనే ఉంది. నేను తొమ్మిది మందిని కన్నాను, అయిదుగురే మిగిలారు. లే."

లేచాను. తెరిచే ఉన్న తలుపును భుజంతో నెట్టబోయి లోపల పడ్డట్టయింది. మూడు వారాల పోట్లాట ఏమైపోయినట్టు? ఇన్నాళ్ళూ ఆవిడకు భయపడుతున్నాననుకున్నాను. ఆవిడ అడ్డు తొలిగాక చూస్తే భయం అక్కడే ఉంది, కదలకుండా. అంటే అది ఆవిడది కాదు. ఎవరైనా వద్దంటారేమో, అప్పుడు నాకేం కావాలో నేను తేల్చుకోనక్కర్లేదని ఆశపడ్డానేమో కూడా.

లోపల నా వంతు వచ్చాక, అత్తయ్య పక్కనుండగానే, నర్సు బల్ల మీద అన్నీ పరిచి చూపించింది. సూది అయితే మూడు నెలలు. చర్మం కింద పెట్టే పుల్ల అయితే మూడేళ్ళు. ఇంకో రకం, రెండు పుల్లలు, అయిదేళ్ళు. పుల్ల ఏదైనా కావాలంటే మధ్యలో తీయించుకోవచ్చట.

"రెండేళ్ళది లేదా?" అంది అత్తయ్య.

"లేదమ్మా."

"ఉన్నదాన్నే కాస్త విరిచి పెట్టు."

నర్సు నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. అత్తయ్య నా వైపు తిరిగింది.

"రెండేళ్ళే, బర్నీ. ఆ తరవాత నాకు నా మనవడు వార్‌సమే కావాలి. ఉన్న ఒక్క మగపిల్లాడికీ మీ నాన్న పేరు పెట్టుకున్నావు. మీ మామగారి పేరుతో ఇంట్లో ఒక్కడు లేడు."

"పిల్లలందరి పేర్ల చివరా మామయ్య పేరే ఉందిగా అత్తయ్యా?"

"తోకలో ఉంటే చాలుతుందా? తలలో ఉండాలి. 'వార్‌సమే!' అని నేను పిలవాలి, వాడు పరిగెత్తుకుంటూ రావాలి. ఆయన్ని పిలిస్తే జన్మలో ఒక్కసారీ పరిగెత్తుకు రాలేదు."

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఆ మాటలో ఆవిడ మొగుడిని పోగొట్టుకున్న పదేళ్ళూ ఉన్నాయి. అవి నా ఒడిలోకి మెల్లగా జారుతున్నాయి. ఆవిడ మంచిది కావడమే నాకు కష్టంగా ఉంది. చెడ్డదయితే ఎంత తేలిక! ఎడం అనే మాటకు ఈ ఒడ్డు కనిపిస్తుంది, ఆ ఒడ్డు ఎక్కడో ఎవరూ చెప్పరు. ఆవిడ ఒడ్డు రెండేళ్ళ దూరంలో ఉంది. నా ఒడ్డు? రాత్రి పిల్లలు నిద్రపోయాక నా ఊపిరి నాకు వినిపించే ఆ కాసేపు, నేనసలు ఒడ్డు గురించే ఆలోచించను.

"నీకెంత కావాలి?" అంది కెముంతో. "నీకు" అన్న మాటను ఒత్తి పలికింది. మా భాష కొత్త కదా, ఒత్తు ఎక్కడ పడాలో తెలియక అలా అందేమో. తెలిసే అందేమో.

నేను నోరు తెరిచేలోగానే అత్తయ్య రెండు వేళ్ళు పైకెత్తి నర్సుకు చూపించింది.

పాపను ఎడమ చంకలోకి మార్చుకున్నాను. కుడిచేత్తో అత్తయ్య రెండు వేళ్ళూ పట్టుకుని, మెల్లగా ఆవిడ అరచేతిలోకి మడిచేశాను. తరవాత నర్సు వైపు తిరిగి నా అయిదు వేళ్ళూ చాపాను.