లీలమ్మ కుట్టిన పూలకవరు

లీలమ్మ ఇంట్లో ఏ వస్తువూ ఒంటి మీద బట్ట లేకుండా కనిపించకూడదు. ఫ్రిజ్‌కు, మిక్సీకి, ఆఖరికి టీవీ రిమోట్‌కు కూడా కవరు కుట్టి తొడిగేది. సంతోష్‌నగర్‌లో ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లంతా దీనికి నవ్వుకునేవాళ్లు. కొడుకు వెస్లీ చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ పీసీ కొనుక్కుంటే, దానికీ దూది పెట్టి పూలకవరు కుట్టింది. వాడు తీసి పడేసేవాడు, ఆమె మళ్లీ తొడిగేది.

"దానికి ఊపిరాడాలె అమ్మా. ఎనక నుంచి గాలి తీసుకుంటది. మూస్తే ఉడికిపోతది," అనేవాడు.

"దుమ్ము పడితే మంచిగుంటదా మరి?" అనేది లీలమ్మ.

ఒక సాయంత్రం వాడు ఆట మధ్యలో ఆపి, పాలప్యాకెట్ తెస్తానని లేచాడు. "బంద్ చెయ్యకమ్మా, సేవ్ చెయ్యలె. వచ్చి ఆడ్త," అన్నాడు. దారిలో వాడి బండిని లారీ గుద్దింది. మరునాడు వాడిని శవపేటికలో ఇంటికి తెచ్చారు.

తెరమీద ఆటలోని మనిషి వాగు ఒడ్డున, వీపు ఇటు తిప్పి నిలబడి ఉన్నాడు. లీలమ్మ పీసీని బంద్ చెయ్యలేదు. చార్జర్ పీకలేదు, వెలుగు తగ్గించలేదు. నెలల తరబడి కుట్టుమిషన్ పక్కనే పెట్టుకుని, లోపలి ఫ్యాన్ చప్పుడు వింటూ పని చేసుకునేది. ఆ చప్పుడు ఉన్నంతసేపు కొడుకు పాలకు పోయినట్టే అనిపించేది. పిచ్చి అని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన పోతుందా పిచ్చి?

మొన్న పైవాటాలో గోడ పగలగొడుతుంటే ఇల్లంతా సిమెంటు దుమ్ము. కొడుకు వస్తువు పాడవుతుందని, చర్చికి పోతూ పూలకవరు తొడిగి జిప్పు వేసింది. ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి కవరు పెనంలా కాలుతోంది. తెర నల్లబడింది. ఫ్యాన్ చప్పుడు లేదు. వాడు వద్దన్న పనే చేస్తినని నెత్తీ నోరూ కొట్టుకుంది.

చార్మినార్ దగ్గర ఒక సందులో శ్రవణ్‌కుమార్‌ది రిపేరు దుకాణం. అతను కాలిపోయిన ఫ్యాన్ మార్చి, పీసీ ఆన్ చేశాడు. ఆట మొదటికి వచ్చింది. వాగు లేదు, మనిషి లేడు.

"సేవ్ చెయ్యలేదు కదా పెద్దమ్మా, పోయింది. ఇంకో సంగతి. ఒక్క బొమ్మనే మస్తు రోజులు పెడితే తెరకు దాగ్ పడ్తది. చూడు," అని తెరంతా బూడిదరంగు చేసి చూపించాడు.

ఆ రంగులో లీలగా ఒక మరక. వీపు తిప్పి నిలబడ్డ మనిషి ఆకారం.

"ఫికర్ చెయ్యకు, కొత్త తెర ఏస్త."

"వద్దు బిడ్డా, గిట్లనే ఉండనియ్యి." లీలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గీ దాగ్ ఎన్ని రోజులుంటది?"

శ్రవణ్‌కుమార్ అప్పుడే ఆమె ముఖం సరిగ్గా చూశాడు. "ఎలిగించినకొద్దీ తెర అరుగుతది పెద్దమ్మా. చుట్టుపక్కల గూడ అరిగి, దాగ్ అండ్లనే కలిసిపోతది. బంద్ చేసి పెట్టుకుంటే ఉంటది," అన్నాడు.

చూస్తే పోతుందట. ఇదెక్కడి న్యాయం ప్రభువా అని ఆటోలో దారి పొడుగునా ఏడ్చింది.

ఇంటికి వచ్చి, బూడిదరంగు తెరను కుట్టుమిషన్ మీద పెట్టుకుని కడుపునిండా చూసుకుంది. "బంద్ చేస్తున్న బిడ్డా," అని బటన్ నొక్కింది. ఫ్యాన్ ఆగింది. పూలకవరు తొడిగి జిప్పు వేసింది. తీసి పడేసేవాడు లేడు కనుక అది అట్లాగే ఉండిపోయింది.