సన్నబడిన నరం

పదకొండో రోజు పొద్దున డాక్టరమ్మ చిన్న మిషన్ తోసుకుంటూ మా మంచం వైపు వస్తుంటే నేను లేచి నిలబడ్డాను. అందులో కనబడేదాన్ని బట్టి మా ఆయనను తాండూరులోని మా ఇంటికి పంపుతారో, ఇంకా ఈ వికారాబాదు ఆసుపత్రిలోనే ఉంచుతారో తేలుతుంది.

మా ఆయన బాలప్ప నలభై ఏళ్ళు తాండూరులో బండలు పాలిష్ పట్టిన మనిషి. గుండె బలహీనపడి, ఒంట్లో నీరు చేరి, కాళ్ళు ఉబ్బి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక ఈ ఆసుపత్రికి వచ్చాం. వచ్చిన రోజే డాక్టర్ దేవిక ఆయన పొట్ట పైభాగాన జిగురు రాసి, మిషన్ కొస ఆనించి, తెర మీద ఒక నల్లటి పట్టీ చూపించింది.

"గిది గుండెకు పోయే పెద్ద నరం పెద్దమ్మా. ముక్కుతోని పీలిస్తే సన్నం కావాలె. ఒంట్ల నీళ్ళెక్కువైతే నిండిన పైపు లెక్క గట్లనే ఉంటది. మెడల గొట్టమేసి కొలిచే పని లేకుంట, గిట్ల పైనుంచే అంచనా కడ్తం."

ఆ మాటల్లో ఆయనకు మెడలో గొట్టం ఒక్కటే వినబడింది. ఎదురు మంచం మీద మెడలో గొట్టమున్న మనిషిని మూడో రోజు హైదరాబాదుకు తీసుకుపోయారు. సాయంత్రానికి ఆ మంచం మీదికి ఇంకొకరు వచ్చారు. అప్పటినుంచి ఈయనకు ఒకటే ధ్యాస. నరం సన్నబడాలి, ఇంటికి పోవాలి.

రోజుకు ఆరు గ్లాసుల నీళ్ళే తాగాలన్నారు. ఎప్పుడెంత తాగాడో, ఎంత మూత్రం పోశాడో కాగితం మీద నేనే రాసేదాన్ని. నేను బడికి పోలేదు. చర్చిలో బైబిలు మీద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. నర్సమ్మ నా రాతను మెచ్చుకుంటే ఈ వయసులో సిగ్గుపడ్డాను.

మొన్న పొద్దున ఆయన గ్లాసు అందుకుని నీళ్ళు కిటికీలోంచి పారబోశాడు.

"గదేందయ్యా?"

"ఉపాసమున్న."

"దవాఖానల ఉపాసమేంది?"

"చర్చిల మూడు దినాలు నీళ్ళు ముట్టకుంట ఉంటలేనా? గిదీ గంతే. నీళ్ళు తాగకుంటే నరం సన్నమైతది. నువ్వు మాత్రం తాగిండని రాసెయ్."

పక్క మంచం ఆయన భార్య ఈశ్వరమ్మ నవ్వింది. "మీ దేవునికి గీ వార్డు అడ్రస్ గూడ ఎరుకేనా రాహేలమ్మా?"

"మీ దేవునికి ఎరుక లేకుంటే మావోన్ని అడుగుమను," అన్నాడు ఈయన.

అట్లా రెండు రోజులు. నీరు పోయే మాత్రలు మాత్రం మరవకుండా మింగాడు. నేను ఒక గ్లాసు, ఒక గ్లాసు అని రాస్తూ పోయాను. నాకూ ఇంటికి పోవాలనే ఉంది. వరండాలో కటిక నేల మీద పడుకుని నడుము పట్టేసింది.

ఇదిగో, ఈ పొద్దున మళ్ళీ మిషన్ కొస ఆనించి, "తాతా, ముక్కుతోని పీల్చు," అంది డాక్టరమ్మ.

పీల్చాడు. తెర మీద ఆ నల్లటి పట్టీ రెండు అంచులూ అతుక్కున్నాయి.

"శాబాష్! నీళ్ళు పోయినయ్, గుండెకాడ ఒత్తిడి తగ్గింది. ఇయ్యాల సాయంత్రం రైలుకు పోవచ్చు."

ఆయన నా వైపు చూసి కన్ను గీటాడు. పెదవులు పగిలి ఉన్నాయి. పొద్దున లేచి నిలబడితే తూలాడు.

ఈ వికారాబాదు స్టేషనులోనే నా ఏడేళ్ళప్పుడు మా అమ్మను దించి, క్షయ అని అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రికి తీసుకుపోయారు. రెండు నెలల్లో వస్తానంది. ఆమె ట్రంకు పెట్టె ఒక్కటే వచ్చింది. మా బిడ్డ కృపారాణిని, జబ్బు తగ్గిందనుకుని ఆసుపత్రి నుంచి జీపులో ఇంటికి తెస్తుంటే ధారూరు దగ్గర నా ఒళ్ళోనే పోయింది. ఈ ముసలివాణ్ణి రైల్లో ఏ ఒళ్ళో పట్టుకోవాలి?

"ఆగు బిడ్డా," అన్నాను. "గా కాయితం అబద్ధం. ఆయన నీళ్ళు తాగలే."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఆయన చేతి మీద చర్మం పట్టి లాగి చూసింది. కూర్చోబెట్టి, నిలబెట్టి బీపీ చూసింది.

"నరం రెండు తీర్ల సన్నమైతది పెద్దమ్మా. ఎక్కువున్న నీళ్ళు పోయినా అయితది, మనిషి ఎండిపోయినా అయితది. గా తేడా మిషన్ చెప్పదు. నీ రాత చూసే నేను నమ్మిన."

కాగితంలో ఆ రెండు రోజుల గ్లాసులు నా చేత్తోనే కొట్టేశాను.

మధ్యాహ్నానికి రక్తపరీక్ష వచ్చింది. కిడ్నీలు దెబ్బతినడం మొదలైందన్నారు. అవే మాత్రలు మింగుతూ ఇంటికి పోయి ఉంటే రెండు రోజుల్లో మూత్రం ఆగేదట. మాత్రలు ఆపి, కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టమన్నారు. రేపు మళ్ళీ నరం చూస్తారట.

"నలభై ఎనిమిదేండ్ల సంసారం," అన్నాడు ఆయన. "ఒక్క అబద్ధం దాయనీకి చాతగాలే నీకు." గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తాండూరు నుంచి మా కొడుకు ఇమ్మానుయేలు ఫోన్ చేశాడు. "అమ్మా, ఆటో మాట్లాడిన. రైలు టైముకు స్టేషన్ కాడుంట."

"వద్దు కొడుకా. ఇయ్యాల వస్తలేం."

"ఎందుకే? ఏమైంది?"

"మీ అమ్మనే అడుగు!" అన్నాడు ఆయన, ఇటు తిరగకుండానే.

నాయినెట్లున్నడని ఇమ్మానుయేలు అడుగుతూనే ఉన్నాడు. నిలబడే ఓపిక లేక మంచం కొసన కూర్చున్నాను. ఆయన కాళ్ళు జరిపి చోటివ్వలేదు. ఉన్న చోటులోనే సర్దుకుని, "ఉన్నడు, బాగనే ఉన్నడు," అన్నాను ఫోన్లో.